తీగ కొననున్న అంగుళము

నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చాల చిన్నది. కొలిచి చూచినచో అది అంగుళమునకు కొంచెము హెచ్చుగా నుండును, అంతే. జీతబత్తెములు కోరక, విద్యకొరకును వేడుకకొరకును పరోపకారముకొరకును ప్రభుత్వపు లైసెన్సు పొంది, రేడియోలో ఒండొరులతో మాటలాడుకొనువారిని అమెచ్యూర్ రేడియోవారు, లేక హామ్‌లు, అందురు. వారి గదిలోని యంత్రమును మిద్దెమీది ఏరియలుతో కలుపు తీగకు కోయాక్సియల్ కేబుల్ అని పేరు. ఆ తీగ కొనను ఒలిచి, శుభ్రపరచి, కళాయి పెట్టి, ప్లగ్గులో మాటు వేసి బిగించుట యెట్లు అన్నదే నేటి ప్రసంగము.

"ఇంతమాత్రపు పనికి రేడియోలో ప్రసంగమేల?" అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుటకు ముందు నా మాట యొకటి ఆలకింపుడు. నేను ఈ విద్యలో ముప్పదియేండ్లు గడపినవాడను. ఇన్నాళ్లలో నా యంత్రము చెడిన దినములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. తీగ కొన చెడిన దినములను లెక్కించుట నాకు సాధ్యము కాదు. వేలకొలది రూపాయలు పోసి కొన్న యంత్రమును, రెక్కలు ముక్కలు చేసికొని నిలిపిన స్తంభమును ఆ అంగుళమును నమ్ముకొనియే యున్నవి.

మాది గుంటూరు జిల్లాలోని ప్రత్తిపాడు. ఊరి పేరులోనే ప్రత్తి యున్నది. చుట్టును నల్లరేగడి చేలు. ప్రత్తియు మిరపయు మా జీవనాధారములు. మా మిద్దెలెక్కి చూచినను సముద్రము కనబడదు గాని, సముద్రముపై పుట్టిన వాయుగుండము మమ్ము మరచిపోదు. 2023వ సంవత్సరము డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దాపున తీరము దాటినది. ప్రత్తి పగిలి యుండు కాలమది. మిరప చేలు నిండుగా నుండు కాలమది. అట్టి రాత్రులలో గాలికి స్తంభములు కూలును, కరెంటు పోవును, కొన్ని గంటలకు టెలిఫోను గోపురముల బ్యాటరీలును నీరసించును. చేతిలోని ఫోను అప్పుడు వెలిగెడి అద్దపుముక్క మాత్రమే యగును.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మా ప్రాంతపు పెద్దలెవ్వరును మరువలేదు. కృష్ణా గుంటూరు జిల్లాల తీరగ్రామములలో వేలకొలది ప్రాణములు పోయినవి. దారులు తెగి, తంతి తీగలు తెగి, అచ్చటి దుఃస్థితి వెలుపలివారికి తెలియుటకే కాలము పట్టెను. తరువాత 2004 డిసెంబరులో మరియొక ఉదాహరణము కనబడినది. హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోవారి ప్రోత్సాహముతో శ్రీమతి భారతీ ప్రసాదుగారు తోడివారితో గూడి పోర్టు బ్లెయిరునకు పోయి, అండమాను దీవులనుండి ప్రపంచములోని హామ్‌లతో మాటలాడుచుండిరి. అది కేవలము వేడుకగా తలపెట్టిన ప్రయాణము. డిసెంబరు 26 ఉదయమున భూమి కంపించినది, సునామీ వచ్చినది. మాములు వార్తామార్గములు మూగవోయిన ఆ దీవులలో, వేడుకకై తెచ్చిన యంత్రములు క్షేమసమాచారములను మోయు వార్తాహరులైనవి. ఆ దినమున వారి యంత్రములు పలుకుటకు విద్యుచ్ఛక్తి యొక్కటియే చాలదు. ఏరియలునకు పోవు తీగల కొనలు గట్టిగా నుండవలయును. మునుపటి దినములలో ఎవరో ఓపికతో చేసిన పని ఆ ఉదయమున ఫలించినది.

ఇక ఈ తీగ యెట్టిదో చూతము. దీనిని అడ్డముగా కోసి చూచినచో నాలుగు వలయములు కనబడును. నట్టనడుమ రాగి తీగ. దానిచుట్టును పాలవలె తెల్లనైన పాలిథీన్ పొర. దానిపై సన్నని రాగి తీగలతో జడవలె నల్లిన అల్లిక. అన్నిటిపైని నల్లని తోలు. నడిమి తీగకును చుట్టునున్న అల్లికకును ఇరుసు ఒక్కటియే. బండిచక్రమునకు నడుమ ఇరుసు ఎట్లో, అల్లికకు నడుమ ఆ తీగ అట్లు. కోయాక్సియల్ అనగా ఏకాక్షమని అర్థము. విద్యుత్తరంగము ఈ రెంటి నడుమనున్న తెల్లని పొరలోనే పయనించును. గొట్టములోని నీరు గొట్టము దాటి రానట్లే, తరంగము అల్లిక దాటి వెలుపలికి రాదు. అందుచేత ఈ తీగను గోడ వెంబడి, ఇనుపకమ్ముల వెంబడి, ఎట్లు తీసికొనిపోయినను బాధ లేదు.

ఈ యుపాయమును ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ అను మహాశయుడు 1880లోనే పేటెంటు చేయించెను. అయినను నడుమ నింపుటకు తగిన పదార్థము దొరకుటకు చాలకాలము పట్టెను. 1933లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. కంపెనీ రసాయనశాలలో పాలిథీన్ అనుకొనకుండ బయటపడినది. రెండవ ప్రపంచయుద్ధములో రాడారు యంత్రములకు అది మిక్కిలి యుపకరించెను. నేడు మన బజారులలో దొరకు వంగెడి కోయాక్సియల్ తీగ ఆ నాటి సంతతియే.

నడిమి తీగ లావునకును, తెల్లని పొర లావునకును గల నిష్పత్తినిబట్టి తీగకు ఒక లక్షణము ఏర్పడును. హామ్‌లు వాడు తీగలకు అది సామాన్యముగా 50 ఓములు. పొరను నొక్కివేసినను, అల్లికను చెదరగొట్టినను ఆ నిష్పత్తి ఆ చోట మారును. కాలువలో ఒకచోట గట్టు లోపలికి ఒరిగినచో నీరు వెనుకకు తన్నునట్లు, తరంగములో కొంతభాగము వెనుకకు మరలును. 7 మెగాహెర్ట్సువంటి క్రింది బ్యాండులలో ఒక అంగుళపు వంకర పెద్ద నష్టము చేయదు. 144 మెగాహెర్ట్సును, అంతకు పైని బ్యాండులును వాడునప్పుడు ఆ వంకరకు లెక్క చెప్పవలసి వచ్చును.

తీగలలో రెండు జాతులు మనకు తరచుగా కనబడును. ఆర్‌జీ-58 అనునది సుమారు 5 మిల్లీమీటర్ల లావు. ఆర్‌జీ-213 అనునది 10 మిల్లీమీటర్లకు కొంచెము పైని లావు. సన్నది చవక, వంచుటకు సుకరము. కాని దారిలో చాల తినివేయును. 30 మీటర్ల సన్న తీగలో 145 మెగాహెర్ట్సుల వద్ద పంపిన శక్తిలో సుమారు నాలుగింట ఒక పాలు మాత్రమే ఏరియలునకు చేరును. అదే పొడవు లావుతీగలో సగమునకు కొంచెము హెచ్చుగా చేరును. 7 మెగాహెర్ట్సుల వద్ద సన్నతీగయు ఐదింట నాలుగుపాళ్లు చేర్చును. కావున క్రింది బ్యాండులకును, చిన్న దూరములకును సన్నది చాలును. ఎత్తయిన స్తంభముపై రెండుమీటర్ల బ్యాండు ఏరియలు నిలిపినవారు లావుదానిని కొనుట మేలు.

పని చెప్పుటకు ముందు నా తప్పొకటి మీకు చెప్పవలసి యున్నది. కొన్నియేండ్ల క్రిందటి మాట. తుఫాను వచ్చుటకు రెండుమాసములు ముందుగా నేను ఏరియలుకడ తీగకు క్రొత్త ప్లగ్గు వేసితిని. మధ్యాహ్నపువేళ, ఎండ మండుచున్నది. లోపల భోజనమునకు పిలుచుచున్నారు. తోలును ఒక్క కోతతో లాగివేసితిని. అల్లికను చేతితో వెనుకకు త్రోసి, మాటు పడెననిపించి బిగించితిని. యంత్రము పలికినది. నాకు తృప్తి కలిగినది. మీటరుతో పరీక్షింపలేదు.

తుఫాను రాత్రి కరెంటును, ఫోనులును పోయిన పిమ్మట పొరుగింటి యామె లాంతరు చేతబట్టుకొని మా వసారాలోనికి వచ్చినది. మిరపకాయలకు తొడిమలు తీయు కూలిపని చేసి కూతురిని బాపట్లలో చదివించుకొనుచున్న తల్లి యామె. "అన్నయ్యగారూ, మీ రేడియోలో మా అమ్మాయి కబురేమైనా తెలుస్తుందా?" అని యడిగినది. బాపట్లలో నా మిత్రుడొకడు బ్యాటరీపై యంత్రము నడుపుచుండునని నాకు తెలియును. "కూర్చోమ్మా, పది నిమిషాల్లో తెలుసుకుందాం" అంటిని. మీట నొక్కితిని. ముల్లు ఎఱ్ఱగీత దాటి పోయినది. యంత్రము తన శక్తిని తానే తగ్గించుకొన్నది. వినికిడియు పోయినది. దోషము మిద్దెపైని, స్తంభము కొనయందు. ఆ గాలిలో పైకెక్కుట ఆత్మహత్య. తెల్లవారువరకు ఆమె వసారాలోనుండి కదలలేదు. నేనును కదలలేదు.

తెలతెలవారుచుండగా గాలి తగ్గినది. పైకెక్కి ప్లగ్గును కోసి చూచితిని. అల్లికలోని వెండ్రుకవంటి తీగ యొకటి తప్పించుకొని నడిమి తీగ దాపునకు పోయి యున్నది. గాలికి తీగ ఊగి ఊగి అది దానిని తాకినది. లోపలికి నీరును చేరినది, రాగి పచ్చబారినది. అరగంటలో తిరిగి కట్టితిని. మరుక్షణము బాపట్ల పలికినది. గంటకెల్ల పిల్ల క్షేమమని కబురు వచ్చినది. వసతిగృహపు ప్రహరీ కూలినదట, పిల్లలందరును మేడమీద క్షేమముగా నున్నారట. ఆ తల్లి నన్నొక్క మాటయు అనలేదు. అని యుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది. ఒక్క వెండ్రుక ఒక తల్లికి ఒక రాత్రి నిద్ర లేకుండ చేసినది. ఆ దినమునుండి నేను ఈ అంగుళమును చిన్నదనుట మానివేసితిని.

ఇక పనిలోనికి వత్తము. లావుతీగకు పీఎల్-259 అను ప్లగ్గు వేయు విధము చెప్పెదను. కావలసిన సామగ్రి: పదునైన చాకు, చిన్న కత్తెర, మిల్లీమీటర్ల గీతలు గల కొలబద్ద, ఆకురాయి, 100 వాట్ల మాటు ఇనుము, నడుమ రోజిన్ గల మాటు తీగ, మల్టీమీటరు. తగరపు డబ్బాలకు వాడు ఆమ్లపు ద్రావకమును దరి చేరనీయకుడు. అది కొన్నాళ్లకు రాగిని తినివేయును. మాటులో సీసముండునేని, పని ముగిసినపిమ్మట చేతులు కడుగుకొనవలయును. పొగ ముఖమునకు రాకుండ గాలి వచ్చుచోట కూర్చుండవలయును. పసిబిడ్డలను దూరముగా నుంచవలయును.

మొట్టమొదటి పని, అందరును మరచు పని: ప్లగ్గుయొక్క పై మరకట్టును ముందుగా తీగపై ఎక్కించుకొనుడు. మాటు వేసినతరువాత అది ఎక్కదు. ప్రపంచమందలి హామ్‌లలో దీనిని ఒక్కసారియైన మరువనివాడు లేడని నా నమ్మకము. మరకట్టు బల్లపై మిగిలిపోయి మనలను చూచి నవ్వుచుండగా, చేసిన మాటునంతయు కోసివేసికొనవలసి వచ్చును.

రెండవది తోలు తీయుట. తీగ కొనను ముందుగా నిలువుగా, సమముగా కోయుడు. లోపలి రాగి మెరయుచున్నదో లేదో చూడుడు. నల్లబారి యున్నచో తీగలోనికి నీరు పోయినదన్నమాట; మెరయు రాగి కనబడువరకు కోసి పారవేయుడు. ఎంత కోసినను నలుపే కనబడినచో ఆ తీగపై ఆశ వదలుకొనుడు. మంచి రాగి దొరకినపిమ్మట కొననుండి 28 మిల్లీమీటర్లు కొలిచి గురుతు పెట్టుడు. చాకును ఆ గురుతుపై నిలిపి తీగ చుట్టును త్రిప్పుడు. తోలు మందములో ముక్కాలుపాలు మాత్రమే తెగవలయును. పిమ్మట తీగను అటునిటు వంచినచో మిగిలిన పాలు తనంతట తానే పగులును. కోత చివరివరకు దిగినచో అల్లికలోని తీగలు తెగును. తెగిన తీగలే తరువాత వెండ్రుకలై తిరుగును. తాటిముంజను ఒలుచువారిని మీరు చూచియుందురు. తొక్క ఊడవలయును, లోపలి నీరు చిందరాదు. ఒలుచువాని బలము కత్తిలో లేదు, ఆపుటలో నున్నది. ఇక్కడను అంతియే. చాకు ఎప్పుడును చేతినుండి దూరముగా కదలవలయునని వేరుగ చెప్పనక్కరలేదు.

మూడవది అల్లిక. బయటపడిన అల్లికను చెదరనీయక, వ్రేళ్లతో నిమిరి, దానిపై పలుచగా కళాయి పెట్టుడు. పూర్వము ఇత్తడిగిన్నెలకు కళాయి పూసినవారు మందముగా పూయలేదు. మెరపు వచ్చునంత మాత్రమే పూసిరి. అట్లే చేయుడు. కళాయి పడిన అల్లిక ఒక గొట్టమువలె గట్టిపడును. వెండ్రుకలన్నియు ఒక్క కట్టుగా నగును. నా నాటి తప్పునకు విరుగుడు ఇదియే. ఇచ్చట ఒక హెచ్చరిక: తెల్లని పాలిథీన్ సుమారు 110 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మెత్తబడి కరగును; మాటు కరగుటకు 190 డిగ్రీలు వలయును. అనగా మనము కరిగింపవలసినదానికంటె ముందుగా, కరగరానిది కరగును. కావున చిన్న ఇనుముతో చాలసేపు కాచుట తప్పు. పెద్ద ఇనుముతో కొలది క్షణములలో ముగించుట ఒప్పు. పొర కరగినచో నడిమి తీగ ప్రక్కకు ఒరిగి అల్లికను చేరును. ఒక్కొక్క మాటు పడగానే తీగను కదపక చల్లారనిండు.

నాల్గవది నడిమి తీగను బయట పెట్టుట. చల్లారినపిమ్మట కొననుండి 16 మిల్లీమీటర్లు కొలిచి, కళాయి పెట్టిన అల్లికను, తెల్లని పొరను కూడ చుట్టును కోయుడు. చాకు నడిమి తీగను తాకరాదు. లావుతీగలో నడిమి తీగ ఏడు పోగుల పేట. ఒక్క పోగునకు గాటు పడినను, గాలికి ఊగి ఊగి ఒకనాడు అది అచ్చటనే తెగును. కోసిన ముక్కను పేట మెలిక తిరిగిన దిక్కునకే త్రిప్పుచు లాగినచో పోగులు విడిపోక చక్కగా వచ్చును. జిన్నింగు మిల్లులో గింజ నలగకుండ దూది వేరగునట్లు, తీగ గీరుకొనకుండ పొర వేరు కావలయును. తరువాత అల్లిక అంచును మరి ఒకటిన్నర మిల్లీమీటరు వెనుకకు కత్తిరింపుడు. అల్లికకును నడిమి తీగకును నడుమ తెల్లని పొర కొంచెము తొంగిచూచుచుండవలయును. ఆ తెల్లని గీతయే మీకు కాపుగోడ. నడిమి తీగకును పలుచగా కళాయి పెట్టుడు.

అయిదవది బిగించుట. ప్లగ్గు దేహమునకు నాలుగు చిన్నరంధ్రములుండును. వెండిపూత గల ప్లగ్గునకు మాటు సులభముగా అంటును. నికెలుపూత గలదానికి అంటదు. నికెలుదైనచో ఆ రంధ్రముల చుట్టును ఆకురాయితో గీరి లోపలి ఇత్తడి కనబడునట్లు చేయుడు. ప్లగ్గును తీగ తోలుపై మరవలె త్రిప్పుచు ఎక్కింపుడు. నడిమి తీగ ముందున్న సన్నగొట్టములోనుండి కొన చూపవలయును. రంధ్రములలోనుండి అల్లిక మెరయవలయును. ఇనుమును రంధ్రముకడ నానించి, మాటు ద్రవమై లోపలికి జారునంతలో తీసివేయుడు. పైన ముద్దవలె నిలిచినచో అది అతుకు కాదు, అబద్ధము. నాలుగు రంధ్రములను ఒక్కొక్కటిగా, నడుమ చల్లారనిచ్చుచు నింపుడు. చివర కొనగొట్టములో మాటు పోసి, పొడుచుకొని వచ్చిన తీగను కత్తిరించి, ఆకురాయితో నునుపు చేయుడు.

సన్నతీగ వాడువారికి ఒక మార్పు. ఆ ప్లగ్గులోనే సన్నతీగకు సరిపడు చిన్న తొడుగుమరను మరకట్టుతోపాటు ముందుగా ఎక్కించుకొనవలయును. తోలు సుమారు 20 మిల్లీమీటర్లు తీసి, అల్లికను గొడుగువలె విప్పి తొడుగుమరపైకి వెనుకకు మడచి, పొడవుగా మిగిలిన పోగులను కత్తిరింపవలయును. నడిమి తీగను 16 మిల్లీమీటర్లు బయట పెట్టి ప్లగ్గులోనికి మరను త్రిప్పి బిగించి, పై విధముగా మాటు వేయవలయును. మడచిన అల్లికలో ఒక్క పోగును ముందుకు పడియుండరాదు.

ఆరవది పరీక్ష. నేను మానివేసినది ఇదియే. తీగ రెండవకొన దేనికిని తగిలింపకుండ, మల్టీమీటరుతో నడిమి తీగకును దేహమునకును నడుమ చూడుడు, ముల్లు కదలరాదు. నడిమి తీగ ఈకొననుండి ఆకొనకును, అల్లిక ఈకొననుండి ఆకొనకును అడ్డు లేక కలిసి యుండవలయును. చూచుచున్నంతసేపును ప్లగ్గుకడ తీగను వంచుచు, ఊపుచు నుండుడు. తుఫాను చేయబోవు పనిని మీరే ముందుగా కొంచెము చేయుడు. కొన్ని ఏరియలులు స్వభావముచేతనే నడిమి తీగను దేహముతో కలిపి యుంచును. కావున ఏరియలు తగిలించి ఈ పరీక్ష చేసి భ్రమపడవలదు. పిమ్మట చివర 50 ఓముల ఉత్తుత్తి భారమును తగిలించి, తక్కువ శక్తితో పంపి, వెనుకకు మరలునది ఎంతయో మీటరులో చూడుడు.

ఏడవది నీటినుండి కాపాడుట. ప్రత్తి పండించు మాకు వత్తి సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. ప్రమిదలోని నూనెను వత్తి ఎట్లు పైకి లాగుకొనునో, తీగలోని అల్లిక నీటిని అట్లే లోపలికి లాగుకొనును. కొనయందు ఒక్క చుక్క ప్రవేశించినను, పోగుల వెంబడి దూరము పోయి రాగిని చంపును. కావున బయటనుండు ప్రతి అతుకును తనలో తాను కలిసిపోవు రబ్బరు టేపుతో చుట్టి, ఎండకు అది చెడకుండ దానిపై నల్లని వినైల్ టేపు చుట్టవలయును. చుట్టుట క్రిందినుండి పైకి పోవలయును. తాటాకు ఇల్లు కప్పువారు చూరునుండి మొదలుపెట్టి కొప్పునకు పోవుదురు గదా! పై ఆకు క్రింది ఆకును కప్పినప్పుడే నీరు జారిపోవును. తీగ ఇంటిలోనికి వచ్చుచోట గోడరంధ్రమునకు ముందు ఒక వ్రేలాడు వంపు విడువుడు. నీరు ఆ వంపు అడుగునుండి కారిపోవును. మా వైపు ఎలుకలకు ఈ తోలు రుచికరము. ధాన్యము నిలువజేయు గదిగుండ తీగను పోనీయకుండుట మంచిది.

చివరగా రెండు ప్రాణరక్షణపు మాటలు. స్తంభమును కరెంటు తీగలకు దాపున నిలుపవలదు. అది కూలినను తీగలను తాకనంత దూరముండవలయును. ఉరుములు దాపునకు రాకముందే యంత్రమునుండి తీగను ఊడదీసి ఇంటివెలుపల నుంచుడు. మా నల్లరేగడి వానకాలములో తేమతో నుండి భూసంబంధమునకు అనుకూలించును గాని, వేసవిలో బీటలు వారి భూమిలో నాటిన కడ్డీనుండి తొలగిపోవును. కావున వేసవిలో కడ్డీ మొదట నీరు పోయుచుండుడు. ఎంత మంచి భూసంబంధమైనను పిడుగును ఎదిరించునని మాత్రము నమ్మవలదు.

శ్రోతలారా! ఈ పని అంతయు గంటకు మించి పట్టదు. నేర్చినవానికి అరగంటయే చాలును. ఇందులో విద్యకంటె ఓపిక హెచ్చుగా కావలయును. లైసెన్సు పరీక్షలో నెగ్గుట ఒక యోగ్యత. ఎవరును చూడని చోట, ప్లగ్గు లోపల, మాటును నమ్మకముగా వేయుట రెండవ యోగ్యత. మొదటిదానికి ప్రభుత్వమువారు పత్రమిత్తురు. రెండవదానికి పత్రము లేదు; తుఫాను రాత్రియే దానికి పరీక్షాధికారి.

ఇప్పుడు మా యింటికి సెలవుదినములలో కొందరు పిల్లలు వచ్చుచున్నారు. మొదటి దినమున వారికి యంత్రము చూపను. ఒక చాకును, పాత తీగముక్కను చేతికిచ్చి, పోగు తెగకుండ తోలు తీయుమందును. ఆ దినములలో ఒకనాడు మా పొరుగింటి యామె గుమ్మములో నిలిచి, పిల్లవాడొకడు కత్తి గట్టిగా నొక్కుచుండుట చూచి, "మెల్లగా, నాయనా! తొడిమ తీస్తే కాయ చితక్కూడదు" అన్నది. నేను ఇంతసేపు చెప్పిన దానికి ఆమె మాటకంటె మంచి సంగ్రహము నాకు తోచుటలేదు. రాబోవు వాయుగుండమునకు ముందుగా మీలో రేడియో గలవారు ఒక్కసారి మిద్దెయెక్కి, ఆ అంగుళమును చూచి రావలయునని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.